అకారాది సూచిక

గవర్నరుపేటలో, ఏలూరు కాలవకి రెండు సందులవతల,
మూడో అంతస్తు మీద రేకుల గది.
కింద ప్రెస్సులో కటింగ్ మిషను దిగినప్పుడల్లా
నా టీగ్లాసులో ఒక వలయం.

ఈసారి వచ్చినవి పద్నాలుగు వ్యాసాలు.
అన్నీ ‘ఉప్పుకోట’ మీదే.
పిల్లల పుస్తకం, ఏడు భాగాలు.
మా ఈడువాళ్ళం సోషల్ గైడులో దాచుకుని చదివింది.
ఇప్పుడు దానికి రెండ్రోజుల సదస్సు, శాలువాలు,
భోజనాల దగ్గర తోపులాట, ఆనక ఈ సంపుటి.
నాకు పేజీకి పద్దెనిమిది రూపాయలు,
అడుగున నోట్సుంటే ఇరవై రెండు.

నీడలు కొనే వర్తకుడంటే పెట్టుబడి అట.
కోటగోడలు నాకి బతికే మేకలు ఎవరో
మొదటి వ్యాసంలో ఒకరు, ఆరో వ్యాసంలో మరొకరు.
తుమ్మెద అనే పిల్ల జడలో దాచుకున్న తాళంచెవి కోసం
ముగ్గురు కొట్టుకున్నారు.
తాళంచెవి అని మాత్రం ఒక్కరూ అనలేదు.
నేను ‘ఆదిపత్యం’ కనిపించినచోటల్లా
ద పొట్టకింద ఒక గీటు పెట్టుకుంటూ పోయాను.

తొమ్మిదో వ్యాసం, డాక్టర్ కొల్లిపర హైమవతి:
“ఏడు భాగాల్లో ఎక్కడా మూగ సరంగు పెదవి విప్పడు.
ఆ మౌనమే ఈ రచనకు పునాది.”

ఇది తప్పు.
మూడో భాగం చివర, సుడిగుండం దగ్గర,
పడవ ఒకపక్కకి ఒరిగినప్పుడు
సరంగు ఒకే ఒక్కసారి మాట్లాడతాడు:
“నీళ్ళకేసి చూడకు తల్లీ, నా వీపుకేసి చూడు.”

ముప్పయ్యేళ్ళుగా నేను ఆ వీపు చూస్తూనే
బెంజి సర్కిల్ దాటుతున్నాను.
లెక్కల పరీక్షలో చూశాను.
మావాడికి ఆపరేషనైన రోజు
ఆస్పత్రి బెంచీ మీద తెల్లారేదాకా చూశాను.

మార్జిన్లో పెన్సిలుతో రాసి పంపాను:
మేడమ్, మూడో భాగం చివర ఒకసారి సరిచూడగలరు.

సాయంత్రానికల్లా ఫోను. గొంతులో కోపమేం లేదు.
“నాలుగు ముద్రణలు తిరగేశానండీ, లేదు.
మీరు ఏ ప్రతిలో చదివారు?”

చెప్పబోయి ఆగాను.
అప్పటికి నాకు ఒత్తులు రావు.

గుంటూరు, పొన్నూరు రోడ్డు,
నాన్న దూదేకే కొట్టు వెనక గది.
రోజుకి రూపాయి అద్దె పుస్తకం, పేజీల మధ్య దూది పీచు.
కరెంటు పోతే కిరసనాయిలు బుడ్డి దగ్గరికి లాక్కుని
అక్క చదివేది.
ఆమె నోటిమీద పడే వెలుతురు చూస్తూ నేను.

రాత్రి అక్కకి ఫోన్ చేశాను.
మిర్చియార్డులో ఒక కమిషన్ కొట్టు లెక్కలు రాస్తుంది,
ఏ మాటైనా తుమ్ముల మధ్యే.
“ఆ పుస్తకానికి చివరి పదహారు పేజీలు లేవు కదరా నాగూరూ!
నువ్వు రాగం తీస్తావని ఏదో ఒకటి అల్లాను.
ఏం చెప్పానో నాకేం గుర్తు?”
రెండుసార్లు తుమ్మింది.
“ఇంతకీ సరంగంటే ఎవడు?”

పొద్దున్నే హైమవతిగారి వాక్యం కింద
చుక్కలు పెట్టుకుంటూ పోయాను.
మా ప్రూఫు భాషలో, ఉన్నదున్నట్టు ఉంచమని.
ఆవిడ రాసిందే నిజం.

కానీ పుస్తకం చివర అకారాది సూచిక నా పని.
దానికి విడిగా ఆరొందలు.
దాన్ని ఎవరూ చదవరు,
తమ పేరుందో లేదో చూసుకుంటారంతే.

సరంగు, మౌనం: 14, 31, 88–102
సరంగు, మాట: చూ. సైదాబీ

అక్కణ్ణుంచి కాస్త కిందికి వస్తే
సామ్రాజ్యవాదానికీ సౌందర్యశాస్త్రానికీ నడుమ,
బస్సులో ముగ్గురి సీట్లో నాలుగోమనిషిలా సర్దుకుని,

సైదాబీ: చూ. సరంగు

పేజీ అంకె వెయ్యలేదు.